వెడలగొట్టుటకు ముందు విచారణ

పెదకాకాని గుంటూరునుండి విజయవాడకు పోవు రాజమార్గముపై నున్నది. మల్లేశ్వరస్వామిని దర్శించుటకు వచ్చినవారే బాజీబాబా దర్గాకును పోయి మ్రొక్కుబడి చెల్లించి మరలుట యచ్చట వింత కాదు. ఈ ప్రాంతపు రైతునకు కాగితమన్న నొకప్పుడు పట్టా, అడంగలు, క్రయదస్తావేజు మాత్రమే. నేడు ప్రత్తి, మిరప పండించువాని బీరువాలో వాని ప్రక్కనే కుమారుని పాస్‌పోర్టు నకలు, అమెరికా విశ్వవిద్యాలయపు ప్రవేశపత్రము, చదువుకై తెచ్చిన బ్యాంకు అప్పు కాగితములు చేరినవి. పొలము కాగితమున తప్పు దొర్లినచో తహసీలుదారు, ఆపైని మరియొక అధికారి, ఆపైని న్యాయస్థానము గలవని రైతెరుగును. మనుష్యుని కాగితమున తప్పు దొర్లినప్పు డెన్ని మెట్లున్నవో, ఏ మెట్టున నేమి విందురో యెరిగినవా రరుదు. 2025 ఫిబ్రవరి 5వ తేదీన అమెరికా సైనికవిమానము 104 మంది భారతీయులను గొనివచ్చి అమృతసరమున దింపినది. ఆనాటినుండి ఈ సంగతి మన యరుగులమీదను ముచ్చటగా మారినది.

అయినను ఇది మనకు క్రొత్తది కాదు. మన హైకోర్టే యొకప్పు డీ ప్రశ్నను పరిష్కరింపవలసివచ్చెను. దేశవిభజనకు పిమ్మట బంధువులను జూచుటకో, జీవనోపాధికో పాకిస్తానునకు పోయి, పుట్టినయూరికి మరలిరాదలచిన ముస్లిములు పలువురుండిరి. 1952 అక్టోబరులో ఉభయదేశముల నడుమ పాస్‌పోర్టు పద్ధతి యమలులోనికి వచ్చెను. దానితో వారు పాకిస్తాను పాస్‌పోర్టు పుచ్చుకొని, కొలదికాలపు వీసాతో నిచ్చటికి వచ్చిరి. గడువు తీరినను ఇల్లు విడువనివారిని దేశము విడిచిపొమ్మని ప్రభుత్వము ఉత్తరువు లిచ్చెను. మేము పరదేశీయులము కాము, ఈ గడ్డమీద పుట్టినవారమని వారు హైకోర్టునకు మొఱపెట్టుకొనిరి.

ఆంధ్ర హైకోర్టు 1954 జులై 5వ తేదీన గుంటూరునందు వెలసి, 1956 నవంబరులో రాష్ట్రావతరణముతో హైదరాబాదునకు తరలినదని పెద్దలు మరచియుండరు. అట్లు తరలిన మరుసటి యేడే, అనగా 1957లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మహమ్మద్ ఖాను కేసునం దొక ముఖ్యమైన తీర్పు చెప్పెను. 1956 నాటి పౌరసత్వ నిబంధనలలో నొకదాని ప్రకారము, విదేశపు పాస్‌పోర్టు పొందినవాడు ఆ దేశపు పౌరసత్వమును తన యిచ్ఛతోనే పొందెనని నిశ్చయింపవలెను. దానికి మారుసాక్ష్యము లేదు. ఇల్లు చేరుటకు వేఱు దారి లేక పుచ్చుకొంటినని చెప్పుకొన్నను వినువారు లేరు. ఈ నిబంధన చెల్లదని హైకోర్టు తేల్చెను.

ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1962లో ఇజహర్ అహమ్మద్ ఖాను కేసునందు సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో నధికసంఖ్యాకులు ఆ నిబంధన చెల్లునని చెప్పిరి. నిబంధనయే నిలిచినది గనుక ఇక పంపివేయుటే తరువాయి యని రాష్ట్రప్రభుత్వ న్యాయవాదులు వాదించిరి. కాని ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును సయ్యద్ మహమ్మద్ ఖానునకును జరిగిన యప్పీలునందు ఆ వాదము నిలువలేదు. 1955 నాటి పౌరసత్వచట్టము 9వ సెక్షను క్రింద పౌరసత్వము పోయినదా లేదా యని నిర్ణయించు నధికారము కేంద్రప్రభుత్వమునకే యున్నది. ఆ నిర్ణయము కాకుండ ఏ రాష్ట్రమును ఒకనిని పరదేశీయునిగా నెంచి వెడలగొట్టజాలదని సుప్రీంకోర్టు శాసించెను.

గమనింపవలసినదేమనగా, ఈ తీర్పు వారిని భారతీయులని ప్రకటింపలేదు. ఎవరు అడుగవలెను, ఎప్పుడు అడుగవలెను అన్నంతవరకే చెప్పినది. అంతమాత్రముచేతనే రైలెక్కింపబడవలసినవాడు ఇంట నిలిచెను. 1965లో మద్రాసు పోలీసు కమిషనరుపై వచ్చిన మరియొక యప్పీలునందు, పాస్‌పోర్టు నిర్బంధముచేత పుచ్చుకొంటినని రుజువు చేసికొను నవకాశము వానికీయవలెనని సుప్రీంకోర్టు మరియొక యడుగు ముందునకు వేసినది. పాకిస్తాను కాగితము చేతబట్టినవానిపై నింత దయ యేల యని యడుగువా రప్పుడు నుండిరి, ఇప్పుడు నున్నారు. ఆ కోర్టులు దయ చూపలేదు. పిలిచి యడుగుమని మాత్రమే యన్నవి.

పరదేశీయుడని నిస్సందేహముగా తేలినవాని మాట వేఱు. 1951 నాటి శరణార్థుల యొడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. 2021 ఏప్రిల్ 8వ తేదీన జమ్మూనందు నిర్బంధింపబడిన రోహింగ్యాల విషయమున, ప్రాణరక్షణయు సమానన్యాయమును మనుష్యులందఱికిని గలవనియు, ఈ దేశమునుండి పంపబడకుండు హక్కు మాత్రము దేశమున నివసించు హక్కుతో ముడిపడినదై పౌరులకే చెందుననియు సుప్రీంకోర్టు చెప్పెను. విధింపబడిన పద్ధతి ననుసరింపక పంపరాదని చివర నొక వాక్యము చేర్చెను. హైదరాబాదు చెంత బాలాపురమునందలి గుడిసెలలో నున్న రోహింగ్యాలకు నిలువనీడ యా యొక్క వాక్యమే.

ఇక మన బిడ్డలు పోయిన దేశము సంగతి. అమెరికాలో శరణు గోరు భారతీయులలో పంజాబు, హర్యానా, గుజరాతులవారి పేర్లే మిక్కిలిగా వినబడును. మనవారు చదువు వీసాతో పోయినవారు. అయినను వీసా చెడినపిమ్మట శరణు దరఖాస్తు పెట్టుమని చెవిలో నూదువారికి కొదువ లేదు. కావున ఆ మార్గమెట్టిదో తెలిసియుండుట మేలు.

మతము, జాతి, జాతీయత, రాజకీయాభిప్రాయము, ఒకానొక సాంఘికవర్గమునకు చెందియుండుట, వీనిలో నొకదానిచేత స్వదేశమున హింస కలుగునని రుజువు చేయవలెను. అప్పులవారి భయము, పంట పోయిన దుఃఖము వీనిలో చేరవు. 1996 నాటి చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు దప్ప, దేశమున నడుగిడిన యేడాదిలోపల దరఖాస్తు పెట్టవలెను. గుంటూరున భయమున్నచో హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి బ్రదుకవచ్చును గదా యని యడుగుదురు. మనవంటి విశాలదేశమునుండి వచ్చినవాని కిది చిక్కుప్రశ్న. విచారించు ఇమ్మిగ్రేషను న్యాయాధిపతి మన మునసబువంటి స్వతంత్ర న్యాయాధికారి కాడు. ప్రభుత్వ న్యాయశాఖలోని యుద్యోగి. ఆపైనున్న అప్పీళ్ల బోర్డును ఆ శాఖలోనిదే. అచ్చట నోడినవాడు 30 దినములలో ఫెడరల్ అప్పీలు కోర్టునకు పోవచ్చును. నిజమైన న్యాయస్థాన మిదియే. కాని యిచ్చట క్రొత్తసాక్ష్యము చేర్చుకొనరు. క్రింద వ్రాసికొన్నదే చూతురు. వివేకముగల యేయధికారియు నట్లు నిర్ణయించియుండజాలడన్నంత బలమున్నగాని తీర్పు మార్పరని 1992 నాటి యెలియాస్ జకారియాస్ తీర్పునుండి రూఢియైనది.

కనుక మొదటి మెట్టున చెప్పినమాటయే తుదిమెట్టువఱకు వచ్చును. దళారి యొకడు పదిమందికి నమ్మిన కథనే పదునొకండవవానికిని వ్రాసియిచ్చినచో, ఊరిపేరు, తేదీ తప్పిన క్షణముననే నమ్మకము పోవును. పోయిన నమ్మకమును అప్పీలుకోర్టు తిరిగి యీయజాలదు. ఆ కథకై ఎకరము పొల మమ్ముకొన్న తండ్రి యిచ్చటనే యుండును. అట్టి కల్పితములవలన నిజముగా నాపదలో నున్నవాని మాటకును విలువ తగ్గుచున్నది. ఆ పాపము దళారి లెక్కలో వ్రాయబడదు.

ఇంకొక చిక్కు గలదు. అప్పీలు వేసినంతమాత్రమున పంపివేయుట యాగదు. ప్రత్యేకముగా స్టే పొందవలెను. 2009లో న్‌కెన్ కేసునందు అమెరికా సుప్రీంకోర్టు, దేశమునుండి పంపివేయుట మాత్రమే తిరుగులేని నష్టము కాదనెను. బయటినుండియే యప్పీలు నడుపుకొనవచ్చును, గెలిచినవారిని ప్రభుత్వము తిరిగి రప్పించుచున్నది గదా యని దాని తర్కము. ఆ భరోసా ప్రభుత్వ న్యాయవాదులు కోర్టునకు చెప్పినదే. 2012 ఏప్రిలులో ఆ ప్రభుత్వమే సుప్రీంకోర్టునకు లేఖ వ్రాసి, తాము చెప్పినట్టి స్థిరమైన యేర్పా టప్పటికి లేదని యొప్పుకొనెను. నడుమ మూడేండ్లు గడచినవి. ఆ మాట నమ్మి స్టేలు నిరాకరించిన తీర్పులు మాత్రము వెనుకకు రాలేదు.