వనభోజనంలో రైతుకూ విస్తరి వేద్దాం

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు కుటుంబాలు శని, ఆదివారాల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని గుమ్మడి తోటలకు బయల్దేరతాయి. టికెట్ కొనుక్కుని, గడ్డిమోపులు పేర్చిన ట్రాక్టరు తొట్టెలో ఊరేగి, పాదుల మధ్య తిరిగి, నచ్చిన కాయను తెచ్చుకుంటాయి. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బేలో అయితే 1971 నుంచి ఏటా గుమ్మడి పండగే చేస్తున్నారు. ఆ ఫొటోలు ఫోన్లో చూసి ఇక్కడి తాతయ్యలు, అమ్మమ్మలు మురిసిపోతారు. ఇంచుమించు అవే రోజుల్లో తుని జనమూ ఇల్లు కదులుతారు. తలుపులమ్మ లోవకు, అన్నవరం కొండకు, కార్తీక వనభోజనాలకు వెళ్తారు. మనకు లేని సరదా వాళ్లకేమీ లేదు. కానీ వాళ్లు వెళ్లేది రైతు పొలానికి, చెల్లించేది రైతుకు. మన వనభోజనంలో చెట్టుంది, పూజుంది, పాతిక రకాల వంటకాలున్నాయి. ఆ వంటకాలకు మూలమైన పంటను పండించిన మనిషి మాత్రం కనిపించడు. ఆ మనిషి చేను దాకా వెళ్తే తప్ప మన కార్తీక విహారం నిండుగా ఉండదని నా నమ్మకం.

ఈ ఆచారానికి కార్తీకాన్నే ఎంచుకోవడంలో ఒక అందం ఉంది. వానలు వెనకబడతాయి, ఎండ ఇంకా ముదరదు, ఉసిరి కాయలతో వంగి ఉంటుంది. తూర్పు, పశ్చిమ గోదావరి చేలల్లో సార్వా వరి ఈనిక మీదో, పాలు పోసుకునే దశలోనో, పచ్చబారుతూనో ఉంటుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) లాంటి దీర్ఘకాలిక రకాలు సుమారు 150 రోజుల పంట కాబట్టి, ఆలస్యంగా ఊడ్చిన చేలల్లో ఈ దశలన్నీ కార్తీకంలోనే చూడొచ్చు. లేత గింజను గోటితో నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. రోజూ మూడు పూటలా అన్నం తినే పిల్లల్లో ఎందరు ఆ పాలను చూశారు? గుమ్మడి పాదు దగ్గరా అంతే. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. గొబ్బెమ్మల కోసం పూలు కోసేటప్పుడు పిందె పువ్వును వదిలేయాలని ఒక్కసారి చూసిన పిల్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ముదిరిన బూడిద గుమ్మడిని చేత్తో తడిమితే అరచేతికి అంటే ఆ తెల్లటి పొడే దానికి పేరు పెట్టింది. ఇంకో విశేషం ఏమిటంటే, వడియాలకూ దిష్టికీ వాడే బూడిద గుమ్మడి ఆసియాదే అయినా, సంక్రాంతి దప్పళంలో వేసే తియ్య గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అక్కడి మనవాళ్లు ఫొటోలు దిగేదీ, ఇక్కడ మనం పులుసు పెట్టుకునేదీ చుట్టాలే.

పొలం పనుల రోజుల్లో రైతుకు మనల్ని చూసుకునే తీరిక ఎక్కడుంటుందని అడగొచ్చు. వరి రైతు విషయంలో ఈ మాట సబబే. కోతలు ముంచుకొస్తాయి, పైగా ఇది తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ముంచిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. పైరు ఇంటికి చేరేదాకా మబ్బును చూసి భయపడే రైతును అతిథి మర్యాదలు చేయమనడం న్యాయం కాదు. అందుకే వరిని గట్టు మీద నిలబడి చూసి వచ్చేస్తే చాలు. తుని చుట్టుపక్కల అసలు వీలున్నవి మామిడి తోటలు. వానలు తగ్గాక పూత వచ్చేదాకా మామిడి చెట్టుకు విశ్రాంతి కాలం. ఆ రోజుల్లో తోటలో నీడ తప్ప అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. చాలామంది రైతులు పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారికి అప్పగించేస్తారు కాబట్టి, కాయ తినేవాడి ముఖం వాళ్లు ఎప్పుడూ చూడరు. కార్తీకంలో నాలుగు కుటుంబాలు వచ్చి, నీడకు, నీళ్లకు, రైతు ఇంటి వంటకు తలా ఇంత అని చెల్లిస్తే, ఆదాయం లేని నెలలో అది అక్కరకొచ్చే డబ్బు. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికి ఒక విధానమే ఆమోదించింది. ఇక్కడ మొదలుపెట్టడానికి మాత్రం విధానం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక రైతు ఒప్పుకుంటే చాలు.

ఉసిరి చెట్టు కింద దేవుణ్ణి కొలిచి తినే భోజనాన్ని టికెట్ల వ్యవహారం చేస్తారా అనే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వనభోజనంలో డబ్బు ఇప్పటికే ఉంది. షామియానాకు, మైకుకు, కేటరింగుకు వేలకు వేలు ఇస్తున్నాం. ఆ ఖర్చులో కొంత రైతుకు మళ్లితే భక్తికి వచ్చిన లోటేమిటి? తోటలో ఉసిరి లేకపోతే ఈ ఏడాది ఒక మొక్క నాటి రావచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. ఈమధ్య చాలా చోట్ల వనసమారాధనలు కులం పేరుతో జరుగుతున్నాయి. వాటి వేదిక మీద పేద విద్యార్థులకు సాయం అందుతుందని, ఊళ్లు దాటిపోయిన బంధువులు కలుస్తారని చెబుతారు. నిజమే. ఆ సాయం ఏడాదిలో ఏ రోజైనా ఇవ్వొచ్చు. చెట్టు కింద విస్తరి ముందు కూర్చునే పిల్లకు మాత్రం పక్కన ఎవరు కూర్చోవాలో కులమే చెప్పడం మంచిది కాదు. రైతు తోటలోకి వచ్చే కుటుంబాలను కులం చూసి పిలవరు. తోటలో పనిచేసే కూలీలూ అదే బంతిలో కూర్చోవాలి. ఈ మాట ముందే అనుకుని వెళ్లకపోతే పాత వరసలే కొత్త చోటికి వస్తాయి.

ఇక చెత్త సంగతి. ప్లాస్టిక్ గ్లాసులు, థర్మోకోల్ ప్లేట్లు వదిలి వెళ్లే అతిథుల్ని ఏ రైతూ రెండోసారి రానివ్వడు. అరిటాకులు, మోదుగ విస్తర్లు తోట మట్టిలోనే కలిసిపోతాయి. వెళ్లేటప్పుడు ఒక్క పని చేయాలి. ఏ చెట్టు కింద తిన్నామో దాని రకం పేరు అడిగి రాసుకుని, వేసవిలో ఆ చెట్టు కాయలు మాకే ఇవ్వండని రైతుకు బయానా ఇచ్చి రావాలి. తోటను వ్యాపారికి అప్పగించే ముందు, ఆ చెట్టును మాత్రం మినహాయించి బేరం చెప్పుకునే వీలు అతనికి దొరుకుతుంది.