రంగు కడిగిన పిమ్మట

చలనచిత్ర నటుడు రాజకీయములలో ప్రవేశించినపుడెల్ల చదువుకొన్నవారి నోట ఒక మాట వినబడుచుండును. పామరజనము తెరమీది వేషమును చూచి, అదే నిజరూపమని భ్రమించి ఓటు వేసినారని ఆ మాట. వినుటకిది తెలివైన విమర్శవలె తోచును. కాని గడచిన నలువది యేండ్ల ఎన్నికల చరిత్రను, అందును మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల అనుభవమును ముందుంచుకొని చూచినచో, ఈ విమర్శ ఓటరునకు అన్యాయము చేయుచున్నదని తేటపడగలదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినది 1892లో, విజయనగరముననే. నేడు మనము చదువుకొను 1909 నాటి ప్రతిలో ఒక చిన్న ముచ్చట కలదు. గిరీశము ఒక బండివానికి జాతీయ కాంగ్రెసును గూర్చి గంటల తరబడి ఉపన్యసించినాడట. వాడంతయు విని, తమ ఊరి హెడ్డు కనిష్టీబును కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేయుదురని అడిగినాడట. గిరీశముతోపాటు మనమును ఆ బండివానిని చూచి నవ్వుదుము. నిదానించి ఆలోచించినచో, నవ్వవలసినది బండివానిని గాదు. వక్త ఎంత గొప్పగా మాటాడినను, ఆ మాటవలన తన ఊరిలో ఏమి మారునో తెలిసికొనగోరుటకంటె రాజకీయ వివేకమేమున్నది? తెలుగు నటుల రాజకీయ చరిత్ర యంతయు ఆ బండివాని ప్రశ్నకు చెప్పిన, చెప్పలేకపోయిన సమాధానముల చరిత్రయే.

ఈ ప్రాంతపు ప్రేక్షకునకు వేషము కొత్త గాదు. తూర్పు భాగవతములో పురుషుడే సత్యభామయై జడ పట్టుకొని వచ్చును. చూచువారు ఆ రాత్రి ఆమెను సత్యభామగనే చూతురు; తెల్లవారిన పిమ్మట అతడు తమ ఊరివాడే యని మరువరు. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు అజ్జాడలో జన్మించి, 1919లో విజయనగరమున నెలకొల్పిన సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులైనారు. హరికథలో ఒక్క కథకుడే రాముడగును, రావణుడగును, నడుమ పిట్టకథ చెప్పి నవ్వించును. ఇట్టి కళల నడుమ పెరిగిన జనమునకు పాత్ర వేరు, పాత్రధారి వేరు అని ఇతరులు బోధింపనక్కరలేదు.

ఇక నందమూరి తారక రామారావుగారి కథకు వత్తము. 1923లో కృష్ణా జిల్లా నిమ్మకూరున జన్మించిన ఆయన 1949లో మనదేశము చిత్రమున పోలీసు ఉద్యోగి పాత్రతో తెరకెక్కినారు. 1957లో మాయాబజారున కృష్ణుడు, 1963లో లవకుశమున రాముడు అయినారు. ఆయనను దేవుని వేషముల వలననే గెలిచినారనువారు ఒక సంగతి మరచుచున్నారు. 1958లో భూకైలాసమునను, 1961లో సీతారామ కల్యాణమునను రావణుడును ఆయనయే. 1977లో దానవీరశూరకర్ణలో కృష్ణునితోపాటు కర్ణ దుర్యోధనులను గూడ తానే ధరించినారు. వేషమే ఓటు తెచ్చునదైనచో రావణునకును, దుర్యోధనునకును పడిన ఓట్లను ఏ లెక్కలో వేయవలెను?

మన సీమ పేరును ఆయన చిత్రములతో పెనవైచుకొన్నది. 1757 నాటి బొబ్బిలి సంగ్రామమును కథగా గొన్న 1964 నాటి చిత్రమున ఆయన రాజా రంగారావు. 1982 జూలైలో వచ్చిన బొబ్బిలిపులిలో అన్యాయముపై తిరుగబడిన సైనికుడు. అప్పటికే ఆయన పార్టీ పుట్టి మూడు నెలలు దాటినది. 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని ప్రకటించి, పాత షెవ్రొలే వాహనమును చైతన్యరథముగా మార్చుకొని ఊరూర తిరిగినారు. 1983 జనవరిలో 294 స్థానముల శాసనసభలో ఆ పార్టీకి రెండు వందలకు పైగా స్థానములు దక్కినవి. జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి యైనారు. పొరుగున తమిళనాట ఎం.జి. రామచంద్రన్‌గారు 1977లో ముఖ్యమంత్రి యగుటకు ముందు దాదాపు పాతికేండ్లు ద్రావిడోద్యమపు పార్టీలలో నున్నారు. ఇచట అంతయు తొమ్మిది నెలల పని.

వేషము చేసిన మేలు ఇచట స్పష్టము. అది జనమును రోడ్డుప్రక్కకు పిలిచి నిలబెట్టినది. ఆయన మాటను వినిపించినది. తరువాత పని వేషముది గాదు. ఆ యెన్నికలలో హరిశ్చంద్రపురమునుండి కింజరాపు ఎర్రన్నాయుడుగారు, ఎచ్చెర్లనుండి కావలి ప్రతిభాభారతిగారు తొలిసారి శాసనసభ కేగినారు. వీరు నటులు గారు. దశాబ్దములపాటు పలుకుబడి కొన్ని యిండ్లలోనే నిలిచిపోయిన కాలమున, కొత్తవారికి తలుపు తెరచుకొన్నది.

మరి బండివాని ప్రశ్నకు సమాధానమేమి? కిలో రెండు రూపాయల బియ్యమొక సమాధానము. వంశపారంపర్యముగా వచ్చుచుండిన కరణము, మునసబు పదవులను 1984లో రద్దు చేయుట మరియొకటి. భూమి లెక్క యెవరి చేతిలోనుండునో వారి యెదుట వంగి నిలిచిన రైతునకు దాని విలువ తెలియును. 1985లో తాలూకాలకు మారుగా మండలములు వచ్చి కచేరి ఊరికి దగ్గరైనది. ఆడపిల్లకు పిత్రార్జితములో సమానభాగ మిచ్చు చట్టసవరణ 1986లో వచ్చినది. దేశమంతటికి అట్టి సవరణ 2005లో గాని రాలేదు. అన్నియు మెప్పు పొందినవి గావు. 1983లో ఉద్యోగుల పదవీవిరమణ వయస్సును 58నుండి 55కు తగ్గించినపుడు ఉపాధ్యాయుల యిండ్లలో కలిగిన కలవరము నాటివారు మరువలేదు. చిత్రములో తీర్పు చెప్పుట సులభము. అచట ప్రతివాది తరఫు కుటుంబము కనబడదు. పాలనలో ప్రతి సంతకమునకు ఆవల ఒక యిల్లుండును.

ఓటరు కూడ తన లెక్క తాను చూచుకొన్నాడు. 1985లో గుడివాడ, హిందూపురము, నల్లగొండ మూడింటను ఆయనను గెలిపించిన రాష్ట్రమే 1989లో పార్టీని ఓడించినది. కల్వకుర్తిలో స్వయముగా ఆయనయే ఓడినారు. ముఖమదియే, కంఠమదియే, మారినది ప్రజల తీర్పు. భ్రమలో పడినవాడు ఇట్లు మనసు మార్చుకొనగలడా?

1994 ఎన్నికలలో రామారావుగారు హిందూపురముతోపాటు శ్రీకాకుళము జిల్లా టెక్కలినుండి గూడ నిలిచి, రెంటను గెలిచినారు. చట్టము ప్రకారము ఒక్కటియే ఉంచుకొనవలెను గనుక హిందూపురమును ఉంచుకొని టెక్కలికి రాజీనామా చేసినారు. టెక్కలికి ఉపఎన్నిక వచ్చినది. ఇది నటులకే చెందిన అలవాటు గాదు. 1980లో ఇందిరాగాంధిగారు మెదకును ఉంచుకొని రాయ్‌బరేలీని విడిచినారు. అయినను టెక్కలి సంగతి ఒక విషయమును విప్పి చూపుచున్నది. ఒకే చిత్రము ఒకేనాడు నూరు ఊళ్ళలో ఆడవచ్చును. ప్రతినిధి అట్లు గాదు. అతడొక మనిషి, ఒక చోటనే ఉండగలడు. ముఖ్యమంత్రిని గెలిపించిన గౌరవము టెక్కలికి దక్కినది. ఆయనను తమ సభ్యునిగా నిలదీయు హక్కు దక్కలేదు.

ఆయన తరువాత వచ్చినవారికిని ఇదే పరీక్ష. చిరంజీవిగారు 2008లో ప్రజారాజ్యము స్థాపించి, 2009లో తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడినారు. పార్టీకి 18 స్థానములు మాత్రమే వచ్చినవి. 2011లో అది కాంగ్రెసులో కలిసినది. పవన్ కల్యాణ్‌గారు 2017 జనవరిలో ఇచ్ఛాపురము వచ్చి ఉద్దానపు మూత్రపిండ వ్యాధిగ్రస్తులను కలిసికొన్నారు. 2018 మేలో వారికొరకు శ్రీకాకుళమున నిరాహారదీక్ష చేసినారు. కవిటి, సోంపేట, మందస మొదలగు చోట్ల ఏండ్ల తరబడి ఇండ్లను కూల్చుచున్న ఆ వ్యాధి, ఒక నటుడు వచ్చుటచే రాష్ట్రమంతటి దృష్టిలో పడినది. అయినను 2019లో ఆయన గాజువాక, భీమవరము రెంటను ఓడినారు. పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి 2023 డిసెంబరులో మరియొక పార్టీ ప్రభుత్వము చేతులమీదుగా తెరువబడినవి. 2024లో పిఠాపురమున గెలిచి ఉపముఖ్యమంత్రి యైన ఆయనకు గ్రామీణ నీటిసరఫరా శాఖయే దక్కినది. ఉద్దానము అడుగుచుండినదియు ముఖ్యముగా మంచినీరే గదా!

కావున ఉపాధ్యాయ మిత్రులకొక మనవి. నటుడు ఎన్నికలలో నిలుచుట తప్పని పిల్లలకు చెప్పవలదు. న్యాయవాదికి, రైతుకు గల హక్కు నటునకును కలదు. అభిమానము తప్పని చెప్పినను పిల్లలు వినరు. ఆ బండివాని ముచ్చటను తరగతిలో చదివించి, అందరును నవ్విన పిమ్మట, మన ఊరికి ఆ హెడ్డు కనిష్టీబు ప్రశ్న నేడేదో ప్రతి విద్యార్థిని వ్రాసికొమ్మని చెప్పుడు. ఒకడు మంచినీరని వ్రాయును. ఒకడు వలసపోయిన తండ్రిని గూర్చి వ్రాయును. ఒకతె బడికి బస్సు లేదని వ్రాయును. పదునెనిమిదేండ్లు నిండి ఓటు చేతికి వచ్చిన నాడు, ఎదుట నిలిచినవాడు నటుడైనను గాకున్నను, ఆ కాగితములోని ప్రశ్న వారికి జ్ఞాపకమున్నచో చాలును.