ట్యాంకులో మనిషి కూలిపోతే వెంటనే దిగకండి

2023 నవంబరులో సూరత్ జిల్లా పల్సానా దగ్గర ఒక డైయింగ్ మిల్లులో ట్యాంకు శుభ్రం చేయడానికి ఇద్దరు కార్మికులు దిగారు. కాసేపటికే స్పృహ తప్పారు. వాళ్లను పైకి తీద్దామని మరో ఇద్దరు దిగారు. నలుగురూ చనిపోయారు.

రెండోసారి దిగినవాళ్లది తెలివితక్కువతనం అనలేం. తోటివాడు కళ్లముందే పడిపోతే ఎవరి కాలు ఆగుతుంది? కానీ ఇలాంటి ప్రమాదాల్లో చావులు పెరిగేది సరిగ్గా అక్కడే. అమెరికా వృత్తిభద్రతా సంస్థ నియోష్ 1986లోనే ఒక లెక్క చెప్పింది: ఇరుకైన, మూసి ఉన్న చోట్ల చనిపోతున్నవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లే.

లోపల ఏముంటుంది? కొన్ని రంగుల అద్దకంలో సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ మురుగునీటిలో యాసిడ్ కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అడుగున కుళ్లిన బురద నుంచి కూడా అదే వస్తుంది, కదిపితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. గాలికన్నా బరువు కనుక ట్యాంకు అడుగునే పేరుకుంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన తగ్గింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగేవాళ్లు మోసపోయేది అందుకే. ఇంకా ఎక్కువైతే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలతాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. 19.5 కంటే తగ్గిన చోట అడుగుపెట్టకూడదు. ముక్కుకు కట్టుకున్న తడి తువాలు విషవాయువును గానీ ఆక్సిజన్ కొరతను గానీ ఆపలేదు.

మరి పైనున్నవాళ్లు ఏం చేయాలి? గట్టిగా కేకవేసి మనుషుల్ని పిలవాలి. ఒకరు 112కు ఫోన్ చేసి, ట్యాంకులో గ్యాస్ ఉందని, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పాలి. బ్లోయర్ ఉంటే బయటి గాలి లోపలికి కొట్టాలి. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం విప్పకూడదు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పడిపోయినవాడి నడుముకు తాడుంటే పైనుంచే లాగొచ్చు. లేకపోతే, గాలి సిలిండరు వీపున తగిలించుకున్న సిబ్బంది వచ్చేదాకా ఆగాల్సిందే. అలా ఆగడం ఎంత కష్టమో తెలిసే, చట్టం ముందే తాడు కట్టమంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చెప్పింది ఇదే: లోపల గ్యాస్ లేదని అర్హుడు పరీక్షించి రాసివ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దానికి తాడు ఉండాలి, ఆ తాడు రెండో కొస బయటి మనిషి చేతిలో ఉండాలి. ఖర్చు లెక్క చూస్తే తాడు చాలా చవక.

గ్యాస్ ట్యాంకులోనే ఉండాలనీ లేదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్ సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదలడంతో విషవాయువు లేచి ఆరుగురు చనిపోయారు, ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అలాంటప్పుడు ఏమైందో చూద్దామని దగ్గరికి వెళ్లకూడదు. గాలి వీచే దారికి అడ్డంగా, పక్కకు, మెరక చోటుకు పరుగెత్తాలి.

సూరత్‌లోని లింబాయత్, ఉధనాల్లో ఏళ్లుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మిల్లుల్లో పనిచేసేవాళ్లకు హెచ్చరిక బోర్డులు గుజరాతీలోనో హిందీలోనో కనిపిస్తాయి. చదవలేకపోతే సిగ్గుపడకండి. సైరన్ మోగితే ఎటు వెళ్లాలో, బయట ఎక్కడ చేరాలో సూపర్‌వైజరును అడగండి. తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే కార్మికులకు ఇచ్చింది. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషికి ఆ హక్కు వాడుకోవడం తేలిక కాదు, నిజమే. అందుకే ఒక్కరుగా కాకుండా నలుగురూ కలిసి అడగండి. గ్యాస్ మీటరు రీడింగు, నడుముకు తాడు, పైన దాన్ని పట్టుకునే మనిషి: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ట్యాంకులోకి దిగకండి.