పిల్లల పుట్టినదినములు

పుట్టినదినమనగానే నేటి పిల్లలకు కేకు జ్ఞప్తికి వచ్చును. మా తిరువూరు బజారునకు పోయినచో కావలసినంత దొరకును. దానిని మేము నిందింపబోము. పిల్లలు సంతోషించుచుండగా పెద్దలకు కోపమెందుకు? కాని వెలుగుచున్న క్రొవ్వొత్తిని పసివానిచేత ఊదించి ఆర్పించుట మాత్రము మాకు నేటికిని మింగుడుపడలేదు. దీపము ఆరినదనుటకు నోరాడక 'కొండెక్కినది' అని చెప్పుకొనువారము మనము. అందుచేత మా యింట దేవునియెదుట దీపము వెలిగించిన పిమ్మటనే తక్కిన వేడుకలు.

తెల్లవారుజామున బిడ్డను పీటపై కూర్చుండబెట్టి, మాడున నువ్వులనూనె అంటి, నలుగుపిండితో ఒడలు రుద్ది, కుంకుడుకాయ పులుసుతో తలంటుదుము. కుంకుడు కంటబడి బిడ్డ యేడ్చుటయు, నోట ఉప్పుకల్లు వేసి ఊరడించుటయు ఏటేటి ముచ్చటయే. క్రొత్తబట్టల అంచున పసుపు పెట్టి తొడిగి హారతి యిచ్చినపిదప పెద్దలు అక్షతలు వేసి నిండు నూరేండ్లు బ్రదుకుమని దీవింతురు. కొన్ని యిండ్లలో అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అను చిరంజీవులేడుగురిని, మార్కండేయుని తలచి, నువ్వులును బెల్లమును కలిపిన పాలు త్రాగింతురు. మధ్యాహ్నమునకు పులిహోర, పరమాన్నము.

ఇంతకును ఇది ఏ దినమున? ఇక్కడనే అత్తాకోడండ్రకు తగవు. శ్రీరామనవమిని, కృష్ణాష్టమిని తిథినిబట్టి చేయుచు, మనుమనికి తేదీ యేమిటని అత్తగారి వాదము. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే గనుక తిథి ఏటికి దాదాపు 11 దినములు వెనుకకు జరుగుచు, అధికమాసము వచ్చినప్పుడు మరల ముందునకు దుముకును. పందొమ్మిదేండ్లకొకసారి తిథియు తేదీయు ఒక్కచోట, లేదా ఒక దినము తేడాతో, కలిసికొనును. 2004లో అధిక శ్రావణము జూలై 18న ఆరంభమైనది. 2023లోను జూలై 18ననే. ఆ 2004 అధికమాసమున పుట్టిన బిడ్డకు తన నెల మరల కంటబడుటకు అంతకాలము పట్టినది. నడుమ యేండ్లలో నిజ శ్రావణముననే తలంట్లు. తిథినాడు తలంటి పరమాన్నము వండి, తేదీనాడు బడిలో చాకలెట్లు పంచినచో తగవే లేదు.

ఇక చెప్పక తప్పని మాట యొకటి. వెనుకటి దినములలో ఈ తలంట్లు చాల యిండ్లలో మగపిల్లలకే. మా బంధువులలో నొకామె 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చునాటికి పొత్తిళ్ళలోని బిడ్డ. ఆమె అన్నగారి జాతకము ఘడియ విఘడియలతో సహా నేటికిని పెట్టెలో భద్రముగ నున్నది. ఈమెకు 'ఉప్పెన నాటి పిల్ల' అను మాట యొక్కటే మిగిలినది. బడిలో వేయునాడు పంతులుగారు పుట్టిన తేదీ యడుగగా ఇంటివారు తెల్లబోయిరి. ఆయన పిల్ల పొడవును జూచి 1975 జూలై 1 అని వ్రాసికొనెను. ఆడపిల్లకు 18 ఏండ్లు నిండినగాని పెండ్లి కూడదని 1978లోనే చట్టము మారినది. అయినను 1994లో, పదునారేండ్లకే, ఆమె మెడలో పుస్తె పడినది. రిజిస్టరు లెక్కకు ఆమె పదునెనిమిది దాటినది గనుక అడిగినవారు లేరు.

ఏటేట తలంటి దీవించిన బిడ్డ వయస్సును ఇంటివారు మరువరు, ఇరుగుపొరుగును మరువనీయరు. జననమును 21 దినములలో నమోదు చేయించుట 1969 నాటి చట్టముచే విధి. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకు ఆ పత్రమే ఆధారము. దానిని పదిలపరచి, తిథి, నక్షత్రము, తేదీ మూడును ఇంటి పుస్తకమున వ్రాసియుంచుడు; కొడుకునకెట్లో కూతునకును అట్లే.

ఆ ఉప్పెన నాటి పిల్ల యిప్పుడు నాయనమ్మ. గత కార్తికమున మనుమరాలి పుట్టినదినమునాడు, కోడలు పిల్లకు తలంటి, అత్తగారిని గూడ అదే పీటపై కూర్చుండబెట్టి మాడున నూనె అంటినది. "ఈ వయస్సున నాకెందుకమ్మా!" అని ఆమె గొణిగినది గాని, పీట దిగలేదు.