కుడితి తొట్టి ఎండింది... కవరు పశువు కడుపులో చేరింది

కదిరి: పాడి ఉన్న ప్రతి ఇంటా ఒకప్పుడు కొట్టం పక్కన కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, సంగటి కుండ తొలిచిన నీళ్లు, కూరగాయల తొక్కలు, కంచంలో మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే చేరేవి. సాయంత్రం దోసెడు తవుడు, నానబెట్టిన శెనక్కాయల చెక్క కలిపితే పశువుకు కుడితి సిద్ధం. వంటింటి నుంచి వీధిలో పారేయడానికి ఏమీ మిగిలేది కాదు. నేడు అవే తొక్కలు, అవే మెతుకులు ప్లాస్టిక్ కవరులో మూటగట్టి వీధి చివర పడుతున్నాయి. వాటిని తినేది ఇప్పటికీ పశువే. కాకపోతే కవరుతో సహా తింటోంది.

కరగదు, బయటికి రాదు

ఆవుకు గాని, గేదెకు గాని ఏరుకుని తినే అలవాటు తక్కువ. నాలుకతో చుట్టి లాక్కుని, పూర్తిగా నమలకుండానే మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. ముడివేసిన కవరులో నుంచి అన్నం వాసన వస్తే ముడి విప్పుకోవడం దానికి చేతకాదు. మూటనే మింగేస్తుంది. నాలుగు గదుల కడుపులో మొదటి గదిలో చేరిన పాలిథిన్ అరగదు, పేడలోనూ పోదు. ఏళ్ల తరబడి తాళ్లు, గుడ్డ పేలికలతో పెనవేసుకుని పెద్ద ముద్దవుతుంది. మేతకు చోటు తగ్గిపోతుంది. పశువు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి, పొట్ట నిండుగా కనిపిస్తున్నా ఒళ్లు చిక్కిపోతుంది. రైతు అజీర్తి అనుకుని మందు తాగిస్తాడు. కారణం కవర్లయితే మందుతో పోయేది కాదు. పశువైద్యుడు కడుపు కోసి తీయవలసిందే.

ఇది పట్టణాల సంగతి అని కొట్టిపారేయడానికి లేదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వీధి పశువులకు ఇలాంటి ఆపరేషన్లు చేయించి ఒక్కో పశువు కడుపు నుంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీయించింది. ఈ సమస్యపై 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించిన వారిలో ఆ సంస్థ ఉంది. ఈ ప్రాంతపు మూగజీవాల మొర ఆ విధంగా ఢిల్లీ దాకా వెళ్లింది.

చట్టం మందం చూస్తుంది, పశువు చూడదు

75 మైక్రాన్ల కన్నా పలుచని చేతిసంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్ల కన్నా పలుచని వాటిని 2022 డిసెంబరు 31 నుంచి కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాల వంటివి 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. మంచిదే. కాని పశువు కడుపులో పడ్డాక పలుచని కవరైనా, మందపు కవరైనా అరగనిదే. అంగట్లో కవరు ఆపడం అధికారుల పని కావచ్చు. అందులో మెతుకులు వేసి ముడి వేయకుండా ఉండడం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది.

రోజుకు రెండు కవర్లు పారేసే ఇల్లు ఏడాదికి 730 కవర్లు పారేసినట్లు. అలాంటి ఇళ్లు 200 ఉన్న ఊళ్లో ఆ లెక్క 1,46,000 అవుతుంది. అవి కాలువలకు అడ్డం పడి మురుగు నిలుస్తుంది, దోమలు పెరుగుతాయి. కుప్పపోసి అంటిస్తే ఆ పొగ పిల్లల ఊపిరికి చేటు.

కుడితికి బదులు మజ్జిగ

పశువు లేని ఇంటివారు పొరుగింటి తొట్టిలో కుడితి పోసేవారు. ఆ ఇంటివారు మజ్జిగ చిలికిన రోజున చెంబెడు మజ్జిగ పంపేవారు. ఇరువైపులా డబ్బు ఖర్చు లేదు. కరువులకు మేత కరవై పశువులు సంతకు పోయాయి. ట్రాక్టరు వచ్చాక కాడెద్దులు తగ్గాయి. పాలు కేంద్రానికి పోతుండడంతో మజ్జిగ పంపే ఆనవాయితీ సన్నగిల్లింది. తొట్టి ఎండిపోవడానికి ఇల్లాళ్ల బద్ధకం కారణం కాదు, తొట్టి వరకు ఉన్న దారి తెగిపోయింది.

ఆ దారిని మళ్లీ వేసుకోవచ్చు. వీధిలో పాడి ఉన్న ఒక్క ఇల్లున్నా చాలు, చుట్టుపక్కల పది ఇళ్ల తొక్కలు, గంజి అక్కడికి చేరవచ్చు. పాడి రైతుకు మేతలో కొంత కలిసివస్తుంది. పాడి లేని వీధిలో పెరట్లో మూడడుగుల గుంత తవ్వి తొక్కలు వేస్తూ, పైన మట్టి, ఎండుటాకులు కప్పుతుంటే కొద్ది నెలల్లో ఎరువు అవుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మునగచెట్టుకో, కరివేపాకు చెట్టుకో మళ్లించవచ్చు. రోజుకు రెండు బిందెల చొప్పున 30 లీటర్లు మిగిలితే నెలకు 900 లీటర్లు. బోర్లు ఎండే ఈ సీమలో అది చిన్న పొదుపు కాదు.

తొట్టిలో ఏమి వేయరాదు?

కుడితి అనగానే అన్నీ పోయకూడదు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం బుట్టలకొద్దీ పెడితే పశువు కడుపు పులిసి, ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ఉల్లిపాయలు ఎక్కువగా తింటే నెత్తురు తగ్గుతుంది. బూజు పట్టిన శెనక్కాయల చెక్కలోని విషం పాలలోకి దిగుతుంది కనుక దాన్ని పారేయడమే లాభం. సబ్బుపొడితో తోమిన నీళ్లు తొట్టిలో పోయరాదు. గిన్నెలను ముందు మంచినీళ్లతో తొలిచి ఆ నీళ్లు తొట్టిలో పోసి, ఆ తర్వాతే తోముకోవాలి. తోమడానికి పొయ్యి బూడిద, బీరపీచు ఉండనే ఉన్నాయి. బూడిద జిడ్డును వదిలిస్తుంది, ఖర్చు లేదు. తొట్టిని రోజూ కడగాలి, పాత కుడితి నిలవ ఉంచరాదు.

సంతకు గుడ్డసంచి తీసుకెళ్తే కవరు ఇంటికే రాదు. నూనెకు సీసా, పాలకు చెంబు తీసుకెళ్లడం మన పెద్దలకు నామోషీ కాలేదు. పాత చీర చింపి సంచులు కుట్టించుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి.

పంచాయతీలు ముందుకు రావాలి

పలు పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. అక్కడ వానపాముల ఎరువు తయారు కావాలంటే తడి చెత్తలో కవర్లు కలవకూడదు. బండి వచ్చినప్పుడు తొక్కలు బకెట్టులో వేరుగా, కవర్లు వేరుగా ఇవ్వాలని గ్రామసభలో తీర్మానించి, వీధి వీధికీ దండోరా వేయించాల్సి ఉంది. దిబ్బల చుట్టూ కంచె వేసి పశువులు చొరబడకుండా చూడాలి. పశువైద్యశాలల్లో కడుపు కోసి కవర్లు తీసే సదుపాయం ఎక్కడెక్కడ ఉందో రైతులకు తెలియజేయాలి.

పాడిపశువు కొనాలంటే నేడు వేలకు వేలు కావాలి. దాన్ని పోగొట్టడానికి అంగట్లో ఊరికే వచ్చిన కవరు చాలు. మెతుకులున్న కవరుకు ముడి వేయబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగి, దాన్ని బకెట్టులో దులిపితే ఆ నష్టం తప్పుతుంది.