గ్రాఫిక్సు కార్డు చల్లదనము: దానిని కొలుచు విధము

మెట్రిక్ తూనికలు రాకపూర్వము మన దేశమున సేరు అన్నిచోట్ల నొక్కటిగా నుండెడిది కాదు. ఒక ఊరి సేరు వేరొక ఊరి సేరుకంటె హెచ్చో తగ్గో యుండెడిది. సంతలో సరకు చవుకగా దొరికినదని సంతోషించి వచ్చినవాడు ఇంటి తూకమున చూచుకొని తెల్లబోవుట కలదు. నేడు కంప్యూటరు అంగళ్ళలో వినవచ్చు మాట యొకటి ఇట్టిదే. "ఈ గ్రాఫిక్సు కార్డు పది డిగ్రీలు చల్లగా పనిచేయును" అందురు. దేనికంటె పది డిగ్రీలు? ఏ గదిలో? ఎంత పని చేయుచుండగా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పనిచో ఆ పది అను అంకెకు అర్థము లేదు. కాని తల్లిదండ్రులు ఆ అంకెను నమ్మి వేలకొలది రూపాయలు చెల్లింపవలసి యున్నది. కావున ఇట్టి పరీక్ష యెట్లు జరుగవలెనో మా పాఠకులకు తెలుపదలచితిమి.

కంప్యూటరు తెరపై కదలు బొమ్మలకు కావలసిన లెక్కలను ఈ కార్డుపైనున్న సిలికాను చిప్పు చేయును. తెరపై లక్షలకొలది చుక్కలుండును; ఒక్కొక్క చుక్క రంగును సెకనునకు అనేక పర్యాయములు లెక్కింపవలెను. కృత్రిమ మేధకు సంబంధించిన గణనములను గూడ ఇపుడు ఈ జాతి చిప్పులే చేయుచున్నవి. ఉదాహరణమునకు, 2013 అక్టోబరులో ఏ.ఎం.డి. కంపెనీవారు వెలువరించిన రేడియాన్ ఆర్9 290ఎక్స్ అను కార్డును తీసికొందము. దాని చిప్పు వైశాల్యము 438 చదరపు మిల్లీమీటర్లు, అనగా ప్రక్కకు రెండు సెంటీమీటర్లకు కొంచెము మించిన చదరము. అంతటి చోటులో 620 కోట్ల ట్రాన్సిస్టర్లు గలవు. పూర్తిగా పనిచేయునపుడు కార్డు మొత్తము సుమారు 250 నుండి 300 వాట్ల విద్యుత్తును తీసికొనును. ఇది మూడు నాలుగు సీలింగు ఫ్యానులకు సరిపోవు విద్యుత్తు. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగానే మారును.

ఇంట నున్న ఇస్త్రీపెట్టెతో పోల్చి చూడుడు. వేయి వాట్ల పెట్టె అడుగు సుమారు 180 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, చదరపు సెంటీమీటరునకు వచ్చునది ఐదారు వాట్లే. ఈ చిప్పులో అంతే చోటున యేబది వాట్లు పుట్టుచున్నవి. బట్టలను వేడిచేయుటకే పుట్టిన పెట్టెకంటె, లెక్కలు చేయుటకు పుట్టిన చిప్పు చోటును బట్టి చూడగా సుమారు పదింతలు వేడిని పుట్టించుచున్నదన్నమాట!

ఈ వేడి బయటికి పోవు త్రోవ తెలిసినగాని పరీక్ష అర్థము కాదు. చిప్పుపై ముద్దవంటి లేపనమును పలుచగా పూయుదురు. చిప్పునకును పైనున్న రాగి దిమ్మెకును నడుమ కంటికి కనబడని సందులలో గాలి నిలువకుండ చేయుటయే దాని పని. గాలి వేడిని సరిగా ప్రసరింపనీయదు. రాగి దిమ్మెనుండి వేడి రాగి గొట్టముల ద్వారా పలుచని అల్యూమినియం రేకుల వరుసకు చేరును. ఫ్యాను ఆ రేకుల నడుమ గాలిని తోలును. రేకులు పదులకొలది యుండుట గాలికి తగులు వైశాల్యమును పెంచుటకే. వేడి పాలను గ్లాసులో నుంచుటకంటె వెడల్పు పళ్ళెములో పోసినచో త్వరగా చల్లారునని మన యిండ్లలో అందరికిని తెలిసినదే.

ఆ రాగి గొట్టములు మాత్రము సామాన్యమైనవి కావు. చూచుటకు గట్టి కడ్డీలవలె నుండును గాని లోపల బోలు. అందులోని గాలిని తీసివేసి, కొద్దిపాటి నీటిని పోసి, రెండు కొనలను మూసివేయుదురు. లోపల పీడనము మిక్కిలి తక్కువగుటచే నీరు నూరు డిగ్రీలకు బహుదూరముననే ఆవిరియగును. చిప్పు వైపున ఆవిరియై, వేడిని తనతో గొనిపోయి, రేకుల వైపున మరల నీరగును. గొట్టపు లోపలి గోడపైనున్న సన్నని రంధ్రముల పొర, దీపపు వత్తి నూనెను లాగునట్లు, ఆ నీటిని వెనుకకు లాగికొనును. నీరు ఆవిరియగునపుడు వేడిని తీసికొనుట కూజాలోని నీరు చల్లబడుటలో మనము చూచునదే. కూజా ఆవిరిని గాలికి వదలివేయును. ఈ గొట్టము వదలక తిరిగి వాడుకొనును. గొట్టమునకు బదులు ఇదే విధముగా పనిచేయు చదునైన పెట్టెనమర్చుటయు కలదు. దానిని ఆవిరి అర యందుము. దీని ప్రసక్తి మరల వచ్చును.

ఇక ప్రమాణ నమూనా యననేమి? చిప్పును తయారుచేయించు కంపెనీ తానే కార్డును, దాని చల్లబరచు సాధనమును రూపొందించి ఒక నమూనాను వెలువరించును. తరువాత ఇతర కంపెనీలు అదే చిప్పును కొని, తమ తమ రేకులను, ఫ్యానులను అమర్చి వేర్వేరు కార్డులనమ్మును. చిప్పు ఒక్కటే కావున ఆ మొదటి నమూనాను కొలబద్దగా నుంచుకొని తక్కినవానిని దానితో పోల్చుట పరీక్షకుల ఆచారము.

290ఎక్స్ ప్రమాణ నమూనాకు ఒకే ఫ్యాను ఉండెను. అది పెట్టె లోపలి గాలిని లాగి, రేకుల మీదుగా వెనుకనున్న సందునుండి బయటికి ఊదును. చిప్పు 95 డిగ్రీల వరకు వేడెక్కవచ్చునని కంపెనీవారు నిర్ణయించిరి. చప్పుడు మితిమీరకుండ, నిశ్శబ్ద విధానమున ఫ్యాను వేగమునకు నూటికి 40 పాళ్ళ హద్దు పెట్టిరి. ఫలితమేమి? భారమైన పని కొంతసేపు నడచునప్పటికి చిప్పు 95 డిగ్రీలకు చేరును. ఫ్యాను ఇక వేగము పెంచుటకు వీలులేదు. అపుడు చిప్పు తన పని వేగమునే తగ్గించుకొని, 1000 మెగాహెర్ట్జుల నుండి దిగువకు జారును. ఉష్ణమాపకము మాత్రము 95 అనియే చూపుచుండును.

విద్యార్థులు ఇక్కడ కొంత నిలిచి ఆలోచింపవలెను. ఒక కార్డు 95 డిగ్రీలలో పూర్తి వేగముతో పనిచేయుచున్నది. మరియొకటి అదే 95 డిగ్రీలలో వేగము తగ్గించుకొని పనిచేయుచున్నది. ఉష్ణోగ్రత నొక్కదానినే వ్రాసికొన్నవానికి రెండును సమానములే! కావున ఉష్ణోగ్రత ప్రక్కన పని వేగము, తీసికొన్న వాట్లు, ఫ్యాను చుట్లు, ఈ మూడింటిని వ్రాయని పట్టిక మా దృష్టిలో సగము పట్టికయే.

మరికొన్ని వారములకు మరియొక చిక్కు బయటపడినది. అంగళ్ళలో కొన్న కొన్ని కార్డులు, కంపెనీవారు పరీక్షకులకు పంపిన కార్డులకంటె నెమ్మదిగా పనిచేయుచున్నవని కొందరు పరీక్షకులు వ్రాసిరి. విచారింపగా తేలినదేమన, 40 పాళ్ళు అనునది ఫ్యానునకు పంపు విద్యుత్ సంకేతపు పాలు మాత్రమే. ఒక్కొక్క ఫ్యాను ఆ సంకేతమునకు ఒక్కొక్క విధముగా తిరుగుచుండెను. 2013 నవంబరులో కంపెనీవారు సాఫ్ట్‌వేరును మార్చి, పాళ్ళకు బదులు నిమిషమునకు ఇన్ని చుట్లు అని నిర్ణయించిరి. ఊరికొక సేరు కథ ఇక్కడను జరిగినదన్నమాట. ఆ వెనుక ఇతర కంపెనీలవారి కార్డులు వచ్చినవి. సఫైర్ కంపెనీవారు మూడు ఫ్యానులతో వెలువరించిన ట్రై-ఎక్స్ అను కార్డు 1040 మెగాహెర్ట్జుల వేగముండియు ప్రమాణ నమూనాకంటె చల్లగాను, తక్కువ చప్పుడుతోను పనిచేసెను. చిప్పులో దోషము లేదు, దానిపై మోపిన సాధనమే చాలలేదని అపుడు స్పష్టమైనది.

పరీక్షలో రెండవ ముఖ్యాంశము గది. ఫ్యాను ఎంత తిరిగినను గదిగాలికంటె చల్లగా చిప్పును చేయజాలదు. కావున గదికంటె ఎన్ని డిగ్రీలు పెరిగినదను పెరుగుదలను చూడవలెను గాని, చిప్పు డిగ్రీలను మాత్రమే చూచిన చాలదు. లెక్క కొరకు రెండు కార్డులననుకొందము. మొదటిది 22 డిగ్రీల గదిలో 72 డిగ్రీలకు చేరినది. రెండవది 32 డిగ్రీల గదిలో 78 డిగ్రీలకు చేరినది. పైకి మొదటిదే చల్లనిదిగా తోచును. తీసివేత చేసినచో మొదటిదాని పెరుగుదల 50, రెండవదానిది 46. రెండును 250 వాట్లనే తీసికొనుచున్నచో, వాటునకు మొదటిది 0.2 డిగ్రీ వేడెక్కుచుండగా రెండవది 0.184 మాత్రమే. రెండవదియే మేలు.

ఈ తీసివేత మన ప్రాంతములవారికి మరింత అవసరము. ఈ పరీక్షలలో పెక్కు చల్లని దేశముల గదులలోనో, ఎయిర్ కండిషను గదులలోనో జరుగును. బళ్ళారిలోనో రాయచూరులోనో వేసవి పగటివేళ 40 డిగ్రీల వేడి వింత కాదు. 50 డిగ్రీల పెరుగుదల గల కార్డు అక్కడ 90 డిగ్రీలకు చేరును. వేడి హెచ్చినకొలది చిప్పులో వ్యర్థముగా కారిపోవు విద్యుత్తు గూడ హెచ్చును గనుక మరి కొంచెము పైకే పోవచ్చును. హోసూరువారికి ఇంత కష్టము లేదు. ఎత్తున నుండుటచే అక్కడి వేసవి మృదువు. అదే కార్డు అక్కడ సుఖముగా నుండి ఇక్కడ వేగము తగ్గించుకొన్నచో, అంగడివాడు మోసగించెనని అనుకొనరాదు.

కార్డును బల్లపై బయట పెట్టి పరీక్షించుట తగదు. రెండు మూడు ఫ్యానుల కార్డులలో పెక్కు తమ వేడిగాలిని కంప్యూటరు పెట్టెలోనే వదలును. బయట బల్లపై ఆ గాలి గదిలో కలసిపోవును గనుక వానికి మంచి మార్కులు వచ్చును. మూసిన పెట్టెలో అదే గాలిని అవి తిరిగి పీల్చుకొనవలెను. వెనుకనుండి బయటికి ఊదు రకము చప్పుడు హెచ్చుగా చేసినను, ఇరుకు పెట్టెలలోను, కార్డులను ఒకదాని ప్రక్క నొకటి పేర్చిన చోట్లను తన ఉపయోగమును చూపును.

చప్పుడు సంగతి గూడ చూడవలెను. ఫ్యాను వేగము రెట్టింపైనచో చప్పుడు సుమారు 15 డెసిబెల్లు పెరుగునని ఫ్యానుల శాస్త్రపు లెక్క. 10 డెసిబెల్లు పెరిగినచో మన చెవికి ఇంచుమించు రెట్టింపుగా వినబడును. ఫ్యానును గట్టిగా త్రిప్పి, చల్లగా నున్నదని చెప్పుట ఎవరికైనను సాధ్యమే. కావున రెండు కార్డుల చప్పుడును, అంతే దూరమున నుంచిన మాపకముతో, సమానముగా వచ్చునట్లు ఫ్యానులను సరిచేసి, అపుడు ఉష్ణోగ్రతలను పోల్చుట న్యాయమైన పద్ధతి. దీనిని పాటించువారు తక్కువ. పాటించినవారి మాటకు మేము ఎక్కువ విలువ నిత్తుము.

కొలబద్దయే వంకరయైనచో? అదియు జరిగినది. 2022 డిసెంబరులో ఏ.ఎం.డి.వారి రేడియాన్ ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ వెలువడినది. ప్రమాణ నమూనాను కొన్న కొందరి కార్డులలో చిప్పునందు మిక్కిలి వేడియైన చోటు 110 డిగ్రీలకు చేరి, పని వేగము తగ్గుచుండెను. జర్మనీలో డెర్‌బౌఅర్ అను పేరుతో ప్రసిద్ధుడైన రోమన్ హార్టుంగ్ ఇట్టి కార్డులను కొన్నవారినుండి తెప్పించి, నిలువుగను అడ్డముగను నుంచి పరీక్షించెను. కార్డును త్రిప్పిన కొలది ఉష్ణోగ్రత మారుచుండుట చూచి, లోపము ఆవిరి అరలో నుండవచ్చునని ఊహించెను. 2023 జనవరిలో కంపెనీవారు, కొన్ని కార్డుల ఆవిరి అరలలో నీరు చాలినంత లేదని ఒప్పుకొనిరి. ఇట్టి చెడిన కార్డును ప్రమాణముగా నుంచుకొని పోల్చినవానికి, తక్కిన కంపెనీల సామాన్యపు కార్డు గూడ అద్భుతముగా కనబడియుండును. ఒకే పేరుగల రెండు చిప్పులు గూడ సరిగా ఒకే విద్యుత్తును తీసికొనవు. కావున వీలైనచో ఒకే చిప్పుపై ఒక సాధనమును తీసి, క్రొత్త లేపనము పూసి, మరియొక సాధనము నమర్చి చూచుట అన్నిటికంటె నమ్మదగిన పరీక్ష.

ఇంట గాని బడిలో గాని గ్రాఫిక్సు కార్డుగల కంప్యూటరున్న విద్యార్థులు చిన్న పరీక్షను స్వయముగా చేయవచ్చును. చిప్పు ఉష్ణోగ్రతను, వేగమును, ఫ్యాను చుట్లను చూపు సాఫ్ట్‌వేరులు ఉచితముగా దొరకును. పెట్టెలోనికి గాలి పోవుచోట ఒక ఉష్ణమాపకమును వ్రేలాడదీసి, భారమైన పనినొకదానిని అరగంట నడిపి, నిమిషమునకొకసారి అంకెలు వ్రాసికొని గ్రాఫు కాగితముపై గుర్తింపుడు. గీత మొదట నిటారుగా లేచి, క్రమముగా వంగి, చదునగును. చదునైన పిమ్మటి అంకెయే లెక్కకు వచ్చును; ఐదు నిమిషములకే ముగించిన పరీక్షలో గీత ఇంకను చదును కాకపోవచ్చును. ఆ గ్రాఫును దాచి, ఆరు మాసముల తరువాత మరల చేసి పోల్చుడు. పెరుగుదల హెచ్చియున్నచో మొదట రేకులలో దుమ్మును చూడవలెను. దుమ్ము దులుపుటకు ముందు కంప్యూటరు తీగను గోడనుండి ఊడదీయుడు. బ్రష్షు ఆడించునపుడు ఫ్యాను తిరుగకుండ రెక్కను వ్రేలితో మెల్లగా పట్టుకొనుడు.