ఎగుమతి ధ్రువపత్రమునకు పునాది చెరువు గట్టుననే

రొయ్యల రైతు సోదరులారా! ఎగుమతి ధ్రువపత్రము కార్ఖానా వారి పని, మనకేమి అని మీలో పలువురు తలచుచున్నారు. అది పొరపాటు.

పూర్వము ముఖ్యముగా సిద్ధమైన సరుకును పరీక్షించి పత్రమిచ్చెడివారు. 1995లో ఈ పద్ధతి మారినది. ప్రమాదము ఏ దశలో చొరబడునో ముందే కనిపెట్టి అరికట్టుట కార్ఖానాలకు తప్పనిసరియైనది. అయినను 1997లో ఐరోపా సమాఖ్య పరిశుభ్రతా లోపములు చూపి మన సరుకును కొంతకాలము నిలిపివేసినది. 2016లో అక్కడి రేవులందు మన సాగు రొయ్యల లాట్లను నూటికి 10కి బదులు 50 చొప్పున పరీక్షింప నిర్ణయించిరి.

వారు ముఖ్యముగా వెదకునది నిషేధింపబడిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషములను. 2022 నవంబరు నుండి క్లోరాంఫెనికాల్‌కు వారి హద్దు 1000 టన్నుల రొయ్యలో 0.15 గ్రాము మాత్రమే! ఒకసారి కండలో చేరిన మందు కడిగినను, గడ్డకట్టించినను పోదు. ఒక చెరువు సరుకు కలిసినచో కంటైనరంతయు తిరిగివచ్చును. ఆ నష్టము చివరకు గట్టుమీది ధరపై పడును.

కావున మీరు చేయవలసినవి:

1. చెరువుకు చట్టప్రకారము కావలసిన రిజిస్ట్రేషను పొంది, ఎంపెడా సంస్థ వద్ద నమోదు చేయించుడు. సర్వే నెంబరు, విస్తీర్ణము సరిచూచుటలో గ్రామాధికారులు తోడ్పడవలెను.

2. పిల్ల తెచ్చిన హేచరీ, మేత, మందు, తేదీ, పరిమాణము ఏనాటికానాడే పుస్తకములో వ్రాయుడు. బిల్లులు దాచుడు.

3. పేరు, కూర్పు అచ్చువేయని డబ్బాను చెరువు దరికి రానీయకుడు. తెల్లమచ్చ వైరసు వలన వచ్చు తెగులు. దానికి యాంటీబయోటిక్ మందులు పనిచేయవు. డబ్బు పోవును, పత్రమును పోవును.

4. ఐరోపాకు పోవు రొయ్యకు పట్టుబడికి ముందే పరీక్ష అవసరము. భీమవరము, నెల్లూరు వంటి చోట్ల ఎంపెడా ప్రయోగశాలలు కలవు. ఫలితము చేతికి వచ్చిన పిమ్మటనే వల దించుడు.

నేడు ఆరోగ్య ధ్రువపత్రపు దరఖాస్తులు కంప్యూటరు ద్వారా సాగుచున్నవి. పని వేగముగా జరుగును. కాని యంత్రము మీరు వ్రాయని దానిని పుట్టింపజాలదు. మీ చెరువు పుస్తకము సరిగా ఉన్న నాడే ఆ పత్రమునకు విలువ. ఈ పంటకు పిల్ల వదలిన నాడే మొదటి పుట వ్రాయుడు.